పగలు పాస్, రాత్రి ఫెయిల్: మూడు ఏపీఐ టెస్టులు నన్ను ఆడుకుంటున్నాయి

ఓరుగల్లు_టెస్టర్
సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మూడేళ్ళు మాన్యువల్ టెస్టింగ్ చేసి, నాలుగు నెలల క్రితమే ఏపీఐ టెస్టింగ్‌కి, అంటే స్క్రీన్ లేకుండా నేరుగా సర్వర్‌కి రిక్వెస్ట్ పంపి జవాబు సరిచూసే పనికి, మారాను. చిన్న ప్రశ్న అడుగుతున్నాననిపిస్తే ఏమనుకోకండి.

మాది క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు బుక్ చేసే సర్వీసు. అలాంటి రిక్వెస్టులు పంపే పోస్ట్‌మ్యాన్ టూల్‌లో 64 రిక్వెస్టులతో ఒక కలెక్షన్ రాశాను. నా ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు రన్ చేసినా అన్నీ పచ్చగా వస్తాయి. అదే కలెక్షన్‌ని జెంకిన్స్‌లో (జాబ్‌లని టైమ్‌కి దానంతటదే నడిపే సర్వర్) న్యూమన్ (పోస్ట్‌మ్యాన్ కలెక్షన్లని కమాండ్ లైన్‌లో నడిపే టూల్) పెట్టి రాత్రి 2 గంటలకి నడిపిస్తున్నాం. అక్కడ మూడు ఫెయిల్. రోజూ అవే మూడు.

ఒకటి, కొత్త బుకింగ్. 201 (కొత్తది పుట్టింది) రావాలి, 400 (తప్పు రిక్వెస్ట్) వస్తోంది. రెండు, ఆ బుకింగ్ టైమ్ మార్చడం. 200 (సరే) బదులు 404 (దొరకలేదు). మూడు, ఈ రోజు బుకింగ్‌ల జాబితా. మనం చేసిన బుకింగ్ అందులో కనపడదు.

పొద్దున ఆఫీసుకి వచ్చి అదే జెంకిన్స్ జాబ్‌ని చేత్తో నొక్కితే మూడూ పాస్! డెవలపర్లు "నీ టెస్టులే ఫ్లేకీ" అంటున్నారు. మా లీడ్ ఫెయిలైతే మళ్ళీ నడిపే రీట్రై పెట్టి వదిలేయమంటున్నారు. శుక్రవారం రిలీజ్. టెన్షన్‌గా ఉంది.


బెజవాడ_బగ్
సోమవారం, రాత్రి 9:30

రాత్రిపూట బ్యాకప్‌లు నడుస్తుంటాయి బ్రో, సర్వర్ స్లో అవుతుంది. న్యూమన్‌లో రిక్వెస్టుల మధ్య డిలే 500 మిల్లీసెకన్లు పెట్టు. మా ప్రాజెక్టులో ఇదే తలనొప్పి ఉండేది, డిలే పెట్టాక పోయింది. ఎందుకు పోయిందని మేమూ అడగలేదు :)


జావా_బాబాయ్
సోమవారం, రాత్రి 9:51

డిలే పెడితే 400 ఎలా పోతుందయ్యా? సర్వర్ స్లో అయితే టైమౌట్ రావాలి, లేదా 503, 504 లాంటి సర్వర్ వైపు ఎర్రర్లు రావాలి. 400 అంటే సర్వర్ నిద్రలో లేదు. శుభ్రంగా మేలుకుని, నువ్వు పంపింది చదివి, నచ్చలేదని తిప్పి పంపింది. ఏం నచ్చలేదో రెస్పాన్స్ బాడీలో, అంటే జవాబు లోపలి టెక్స్ట్‌లో, రాసే ఉంటుంది. చూశావా?

రెండోది మొదటిదాని వెనకే పడిపోతోంది. బుకింగే పుట్టలేదు కదా, దాన్ని మార్చబోతే 404 రాక ఏమొస్తుంది. కాబట్టి నీకు మూడు సమస్యలు లేవు. ఒకటో రెండో ఉన్నాయి.


ఓరుగల్లు_టెస్టర్
సోమవారం, రాత్రి 10:05

జెంకిన్స్ లాగ్‌లో బాడీ రావట్లేదన్నా. "400 వచ్చింది, 201 రావాలి" అన్న లైన్ ఒక్కటే ఉంది.


లత_క్యూఏ
సోమవారం, రాత్రి 10:40

తమ్ముడూ, న్యూమన్‌కి హెచ్‌టీఎంఎల్ ఎక్స్‌ట్రా అని ఒక రిపోర్టర్ ఉంది, విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఏ రిక్వెస్ట్‌లో ఏం పంపావు, ఏం తిరిగొచ్చింది అన్నీ ఒక పేజీలో చూపిస్తుంది. ఈ రాత్రి రన్‌కి అది పెట్టు. కుదరకపోతే టెస్ట్ స్క్రిప్ట్‌లో ఒక కన్సోల్ లాగ్ లైన్ రాసి బాడీని ప్రింట్ చేయించు.

ఇంకో మాట. రోజూ అవే మూడు ఫెయిల్ అవుతుంటే దాన్ని ఫ్లేకీ అనరు. ఫ్లేకీ అంటే ఇవాళ ఇది, రేపు అది, ఎల్లుండి ఏదీ కాదు. నీ టెస్టులు బడి గంట కొట్టినట్టు టైమ్‌కి ఫెయిల్ అవుతున్నాయి. రీట్రై పెట్టొద్దు. టెస్ట్ ఫెయిలైనా బిల్డ్ పచ్చగా ఉండేలా, పాసో ఫెయిలో జెంకిన్స్‌కి చెప్పే ఎగ్జిట్ కోడ్‌ని నొక్కేసే ఆప్షన్ న్యూమన్‌లో ఉంది, ఎవరో ఒకరు అది కూడా చెప్తారు చూడు. దాని జోలికి అసలు పోకు.

"అక్కడ పాస్, ఇక్కడ ఫెయిల్" అంటే నాకు నా పరువు పోయిన రోజు గుర్తొస్తుంది. లాగిన్ అయ్యామని చూపే టోకెన్ లేకుండా రిక్వెస్ట్ పంపితే 401 (లాగిన్ కాలేదు) రావాలి అని టెస్ట్ రాశాను. నా మెషీన్‌లో 200 వచ్చింది, పేషెంట్ల డేటా మొత్తంతో! సివియారిటీ 1 అని బగ్ వేసి, మేనేజర్‌ని కూడా మెయిల్‌లో పెట్టాను. డెవలపర్ నా సీటు దగ్గరికొచ్చి, పోస్ట్‌మ్యాన్‌లో కుకీలు అన్న చోట నొక్కి, ఉన్నవన్నీ చెరిపేసి, మళ్ళీ సెండ్ కొట్టాడు. 401. అంతకుముందు లాగిన్ రిక్వెస్ట్ పంపినప్పుడు వచ్చిన సెషన్ కుకీని పోస్ట్‌మ్యాన్ దాచుకుని ప్రతి రిక్వెస్ట్‌తోనూ పంపుతోంది. నేను టోకెన్ తీసేశాను గానీ కుకీ తియ్యలేదు. అప్పటినుంచి ఆథరైజేషన్ టెస్ట్ రాసిన ప్రతిసారీ ముందు కుకీలు చూస్తాను.


చిత్తూరు_చిన్నోడు
సోమవారం, రాత్రి 11:15

ఫాలోయింగ్. నాకూ ఇలాంటిదే ఉంది.

మధ్యలో ఒక డౌట్: ఇప్పుడు కొత్తగా నేర్చుకునేవాళ్ళు పోస్ట్‌మ్యాన్ నేర్చుకోవాలా, బ్రూనోనా, రెస్ట్ అష్యూర్డా? అమీర్‌పేటలో ఒక్కో ఇన్‌స్టిట్యూట్ ఒక్కో మాట చెప్తోంది. సోప్ యూఐ కూడా సిలబస్‌లో పెట్టారు, అది ఇంకా వాడుతున్నారా అసలు?


గోదారి_గట్టు
సోమవారం, రాత్రి 11:48

టాపిక్ పక్కదారి పడుతోంది గానీ, ఆయన రాత్రి 2 దాకా ఎదురుచూడాలి కాబట్టి చెప్తాను.

పోస్ట్‌మ్యాన్ 2012లో బెంగళూరు కుర్రాడు క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌గా మొదలుపెట్టింది. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగేది ఇప్పటికీ అదే, కాబట్టి ముందు అది. అకౌంట్ లేకుండా వాడుకునే స్క్రాచ్‌ప్యాడ్‌ని 2023లో తీసేశారు. అదే ఏడాది అలాంటిదే ఇంకో టూల్ ఇన్‌సోమ్నియా కూడా కొత్త వెర్షన్‌లో అకౌంట్ తప్పనిసరి చేసేసరికి జనం గొడవ గొడవ చేశారు. బ్రూనో వైపు చాలామంది చూసింది అప్పుడే. అదీ బెంగళూరు సరుకే. రిక్వెస్టులన్నీ మన ఫోల్డర్‌లోనే మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి, కోడ్ మార్పుల్ని దాచే గిట్‌లో కోడ్ పక్కనే పెట్టుకోవచ్చు. ఎవరైనా ఒక హెడర్ మారిస్తే రివ్యూలో ఆ ఒక్క లైనే కనపడుతుంది. పోస్ట్‌మ్యాన్ కలెక్షన్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే పెద్ద జేసన్ ఫైలుని రివ్యూ చెయ్యమని ఎవరికైనా ఇచ్చి చూడండి, మళ్ళీ మీతో మాట్లాడరు.

రెస్ట్ అష్యూర్డ్ జావా లైబ్రరీ. జావా రాకుండా అది మొదలుపెడితే రెండూ రావు. కరాటే అని ఇంకోటుంది, జావా రాకపోయినా టెస్టులు రాయొచ్చు.

ఏ టూల్ అన్నది రెండు వారాల ముచ్చట. అందులో ఏం చెక్ చేస్తున్నావన్నదే పని. 200 వచ్చింది, పాస్ అని రాసేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ 200 లోపల "స్టేటస్: ఫెయిల్యూర్" అని ఉంటుంది.


జావా_బాబాయ్
మంగళవారం, ఉదయం 6:20

సోప్ యూఐ వాడుతున్నారా అని అడిగావు కదా. సోప్ అనే పాత ఎక్స్ఎంఎల్ పద్ధతి సర్వీసుల్ని టెస్ట్ చేసే 2005 నాటి టూల్. బ్యాంకుల్లో, ఇన్సూరెన్సుల్లో పాత సర్వీసులు ఇంకా డబ్ల్యూఎస్‌డీఎల్ (సోప్ సర్వీసు వివరాలు రాసే ఫైలు) మీదే నడుస్తున్నాయి, నేను రోజూ అందులోనే బతుకుతున్నాను. ఒకటి చెప్తా: సోప్ 1.1లో ఫాల్ట్ (అంటే ఎర్రర్) వస్తే హెచ్‌టీటీపీ కోడ్ 500 ఉండాలని స్పెసిఫికేషన్‌లోనే రాసి ఉంది. గట్టు గారు చెప్పిన ఆ 200 లోపలి ఫెయిల్యూర్ దరిద్రం మాకు లేదు. పాతవాళ్ళని నవ్వకండి.

ఏమయ్యా ఓరుగల్లూ, రిపోర్ట్ వచ్చిందా?


ఓరుగల్లు_టెస్టర్
మంగళవారం, ఉదయం 10:02

వచ్చిందన్నా! లతక్కా, థాంక్యూ. బాడీలో "గడిచిన తేదీకి బుకింగ్ కుదరదు" అని ఉంది. నేను పంపిన రిక్వెస్ట్ చూస్తే, అందులో తేదీ నిజంగానే నిన్నటిది!

ఆ తేదీని, రిక్వెస్ట్ వెళ్ళేముందు నడిచే ప్రీ రిక్వెస్ట్ స్క్రిప్ట్‌లో తీసుకుంటున్నాను. ఇప్పటి తేదీ తీసుకుని, దాన్ని టెక్స్ట్‌గా మార్చే టు ఐఎస్‌ఓ స్ట్రింగ్ ఫంక్షన్‌ని పిలిచి, మొదటి పది అక్షరాలు కోస్తాను. నెట్‌లో దొరికిన లైనే.

మా జెంకిన్స్ డాకర్ కంటైనర్‌లో (సర్వర్ లోపల విడిగా నడిచే పెట్టె లాంటిది) నడుస్తుంది, దాని టైమ్ జోన్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది. నా ల్యాప్‌టాప్ ఇండియా టైమ్‌లో ఉంటుంది. అదే తేడా అయ్యుండాలి. కంటైనర్‌లో టైమ్ జోన్‌ని ఏషియా కోల్‌కతాకి మార్చేశాను. రాత్రికి తేలిపోతుంది.


బెజవాడ_బగ్
మంగళవారం, ఉదయం 10:20

సూపర్ బ్రో. క్లోజ్ చెయ్యి థ్రెడ్.


ఓరుగల్లు_టెస్టర్
బుధవారం, ఉదయం 9:40

మళ్ళీ ఫెయిల్. మూడూ. టైమ్ జోన్ మారిందని లాగ్‌లో కనిపిస్తోంది, తేదీ మాత్రం నిన్నటిదే వెళ్తోంది. పిచ్చెక్కుతోంది.


డల్లాస్_కిట్టు
బుధవారం, ఉదయం 10:15

ఇక్కడ నాకు రాత్రి భోజనాలయ్యాయి, ఇప్పుడే చూశాను.

టు ఐఎస్‌ఓ స్ట్రింగ్ మెషీన్ టైమ్ జోన్‌ని పట్టించుకోదు. ఎక్కడ నడిపినా యూటీసీలోనే తేదీ ఇస్తుంది, చివర జడ్ అక్షరం ఉండేది అందుకే. కంటైనర్ మార్చినా, మెషీన్‌నే మార్చినా అంతే.

మనం యూటీసీ కన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. అంటే మన దగ్గర అర్ధరాత్రి 12 నుంచి పొద్దున 5:30 దాకా ఆ ఫంక్షన్ నిన్నటి తేదీ చెప్తుంది. నీ జాబ్ 2 గంటలకి, సరిగ్గా ఆ సందులో పడింది. పగలు ఎప్పుడు నడిపినా పాస్. ల్యాప్‌టాప్‌కీ జెంకిన్స్‌కీ తేడా లేనే లేదు, నువ్వు రాత్రి 2కి ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ నడపలేదు, అంతే.

పోస్ట్‌మ్యాన్ స్క్రిప్టుల్లో తేదీల లెక్కలకి మొమెంట్ లైబ్రరీ దొరుకుతుంది. యూటీసీ ఆఫ్‌సెట్ 330 అని ఇవ్వు, అవి నిమిషాలు, తర్వాత తేదీ ఫార్మాట్ చేయించు. మెషీన్ ఎక్కడున్నా మన తేదీయే వస్తుంది.

మీరు అదృష్టవంతులు, ఏడాదంతా ఒకటే ఐదున్నర. మాకిక్కడ అమెరికాలో మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి గడియారం ఒక గంట జరుగుతుంది. "రేపు" కావాలంటే ఇప్పటి టైమ్‌కి 24 గంటలు కలిపే స్క్రిప్ట్ ఒకటి ఉండేది మా దగ్గర. నవంబర్ మొదటి ఆదివారానికి 25 గంటలు. అర్ధరాత్రి 12:30కి నడిచిన ఆ టెస్ట్ 24 గంటలు కలిపితే అదే ఆదివారం రాత్రి 11:30 అయింది. రేపు రాలేదు. ఏడాదికి ఒక్క రాత్రి ఫెయిలయ్యే టెస్ట్, ఊహించుకోండి. దాన్ని పట్టుకోడానికి రెండు నవంబర్లు పట్టింది.


లత_క్యూఏ
బుధవారం, ఉదయం 11:05

రెండు నవంబర్లు! :) :)


గోదారి_గట్టు
బుధవారం, మధ్యాహ్నం 1:30

జావాస్క్రిప్ట్ దెబ్బ అనుకుంటే నాదీ ఒకటి. మా పేమెంట్ ఐడీలు 18 అంకెలు. ఒక ఐడీని రెస్పాన్స్ నుంచి తీసుకుని, వేరియబుల్‌లో పెట్టి, తర్వాతి రిక్వెస్ట్‌లో వాడితే 404. చేత్తో కాపీ చేసి పెడితే 200! అరగంట స్క్రీన్‌కేసి చూస్తూ కూర్చున్నాను. చివరి రెండంకెలు మారిపోతున్నాయి. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ 9007199254740991 దాకానే నికరంగా నిలబడుతుంది, అది 16 అంకెలు. ఆపైన దగ్గర్లో ఉన్న ఇంకో నంబర్‌కి సర్దేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు.

"నీ టూల్ ప్రాబ్లమ్, మా ఏపీఐ బానే ఉంది" అన్నారు డెవలపర్లు. మరి మన వెబ్‌సైట్ బ్రౌజర్‌లో నడిచేదీ జావాస్క్రిప్టే కదా అని అడిగితే అప్పుడు నిశ్శబ్దం. చివరికి ఐడీని స్ట్రింగ్‌గా పంపడం మొదలుపెట్టారు. ట్విట్టర్ 2010లోనే ఇదే కారణంతో ఐడీని స్ట్రింగ్‌గా కూడా ఇవ్వడం మొదలుపెట్టింది, కొత్త సంగతేం కాదు.

టెస్ట్‌లో తప్పు దొరికిందని వెంటనే సంతోషపడి సర్దేయకుండా, అదే తప్పు ప్రాడక్ట్‌లో కూడా ఉందేమో ఓసారి చూడు ఓరుగల్లూ. నీ తేదీ విషయంలో కూడా.


బెజవాడ_బగ్
బుధవారం, మధ్యాహ్నం 2:10

అన్నీ ఇంగ్లీష్ డేటాతోనే టెస్ట్ చేస్తున్నారా అందరూ? ఇది నేను గర్వంగా చెప్పుకునే ఏకైక బగ్, చెప్పనివ్వండి. పేషెంట్ పేరు ఫీల్డ్‌కి 30 అని లిమిట్ ఉండేది. ఇంగ్లీష్‌లో ఎంత పొడుగు పేరిచ్చినా పాస్. నేను "శ్రీనివాసులు" అని తెలుగులో పంపాను, 500 వచ్చింది. కంటికి ఐదక్షరాలు! లోపల యూనికోడ్‌లో 12 కోడ్ పాయింట్లు (గుణింతం, వత్తు గుర్తులు విడివిడిగా లెక్క), వాటిని దాచే యూటీఎఫ్ 8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 36. ఆ డేటాబేస్ కాలమ్ 30ని అక్షరాలుగా కాదు, బైట్లుగా లెక్కేస్తోంది. "శ్రీ" ఒక్కటే 12 బైట్లు తినేస్తుంది. లక్ష్ములూ శ్రీనివాసులూ లేని క్లినిక్ ఎక్కడుంటుంది చెప్పండి.

కన్ఫర్మేషన్ ఎస్సెమ్మెస్‌లు తెలుగులో పంపుతుంటే అదీ చూడండి. ఇంగ్లీష్‌లో 160 పడతాయి, తెలుగులో 70కే ఒక మెసేజ్ అయిపోతుంది. బిల్లు రెట్టింపు.


జావా_బాబాయ్
బుధవారం, మధ్యాహ్నం 2:25

డిలే 500 పెట్టినవాడివేనా నువ్వు? శభాష్.


ఓరుగల్లు_టెస్టర్
గురువారం, ఉదయం 9:15

కిట్టు అన్నా, మొమెంట్ పెట్టాను. మొదటి రెండూ రాత్రి పాస్! కానీ మూడోది ఇంకా ఫెయిల్. బుకింగ్ సరైన తేదీతో పుట్టింది, 201 వచ్చింది, ఐడీ వచ్చింది. "ఈ రోజు జాబితా"లో మాత్రం అది లేదు. ఇప్పుడు పగలు నడిపితే ఉంది.


జావా_బాబాయ్
గురువారం, ఉదయం 9:32

ఆహా. ఇన్నాళ్ళూ మొదటి తప్పు వెనకాల దాక్కుంది ఇది. బుకింగే పుట్టకపోతే జాబితాలో లేకపోవడం వింత కాదు కదా, అందుకే ఎవరూ చూడలేదు.

బుకింగ్ చేసేదీ, జాబితా ఇచ్చేదీ ఒకటే సర్వీసా?


ఓరుగల్లు_టెస్టర్
గురువారం, ఉదయం 9:50

కాదన్నా. బుకింగ్ పాత సర్వీసు, పాత సర్వర్ మీదే ఉంది. జాబితాని రెండు నెలల క్రితం వేరే సర్వీసుగా విడగొట్టి కంటైనర్‌లో పెట్టారు.


చిత్తూరు_చిన్నోడు
గురువారం, ఉదయం 10:01

కమాండ్ లైన్ టూల్ కర్ల్‌తో మైనస్ ఐ (హెడర్లు కూడా చూపించమని) పెట్టి రెస్పాన్స్‌లో డేట్ హెడర్ చూస్తే సర్వర్ టైమ్ జోన్ తెలిసిపోతుంది కదా?


డల్లాస్_కిట్టు
గురువారం, ఉదయం 10:10

తెలియదు. డేట్ హెడర్ ఎప్పుడూ జీఎంటీలోనే (యూటీసీ టైమే అది) ఉండాలని హెచ్‌టీటీపీ నియమం. సర్వర్ గుంటూరులో ఉన్నా అదే.

బాబాయ్ అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. పాత సర్వర్ ఇండియా టైమ్‌లో నడుస్తోంది, కొత్త కంటైనర్‌కి ఎవరూ ఏం చెప్పలేదు కాబట్టి యూటీసీలో ఉంది. దానికి "ఈ రోజు" మొదలయ్యేది మన పొద్దున 5:30కి. నిరూపించడానికి రాత్రి మేలుకోనక్కర్లేదు. జాబ్‌ని రెండు టైమ్‌లకి పెట్టు: 5:20కి ఒకటి, 5:40కి ఒకటి. జెంకిన్స్ షెడ్యూల్ పైన టైమ్ జోన్ లైన్ రాయడం మర్చిపోకు, లేకపోతే, నువ్వు కంటైనర్ టైమ్ జోన్ వెనక్కి మార్చేసి ఉంటే, అది యూటీసీ 5:20కి నడిచి మళ్ళీ మన నెత్తిన కొడుతుంది.


ఓరుగల్లు_టెస్టర్
శుక్రవారం, ఉదయం 8:55

5:20కి ఫెయిల్. 5:40కి పాస్.

రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి పంపాను. అరగంటలో డెవలపర్ ఫోన్ చేశాడు. కన్ఫర్మ్డ్. "ఈ రోజు" అన్న తేదీని కంటైనర్ గడియారం నుంచి తీసుకుంటున్నారు. కంటైనర్ టైమ్ జోన్ మార్చి వదిలేయకుండా, క్లినిక్ టైమ్ జోన్‌ని కోడ్‌లోనే చెప్పి రాస్తామన్నారు. రిలీజ్ సోమవారానికి జరిగింది. లీడ్ రీట్రై ఊసెత్తలేదు.

ఇంకోటి ఉంది. చెప్పాలో వద్దో అనుకున్నాను. పాత టికెట్లు వెతికితే నెలన్నర క్రితం ఒకటి కనపడింది. ఒక డయాలసిస్ సెంటర్ ఫ్రంట్ డెస్క్ వాళ్ళు రాశారు: "పొద్దున 5 గంటలకి తెరిచి చూస్తే నిన్నటి పేషెంట్ల లిస్టే వస్తోంది, కాసేపటికి దానంతటదే సరవుతోంది." దాన్ని "మా దగ్గర రావట్లేదు" అని క్లోజ్ చేసింది నేనే. పగలు 11 గంటలకి చూశాను మరి.


లత_క్యూఏ
శుక్రవారం, ఉదయం 9:20

అందరం చేసిందే తమ్ముడూ. టికెట్ మళ్ళీ తెరిచావా?


ఓరుగల్లు_టెస్టర్
శుక్రవారం, ఉదయం 9:24

తెరిచానక్కా. ఈసారి ఎన్ని గంటలకి చూడాలో కూడా రాశాను.


బెజవాడ_బగ్
శుక్రవారం, సాయంత్రం 6:45

ఇదంతా చదివాక కుదురుగా ఉండలేక మా ప్రాజెక్టులో ఆ 500 డిలే తీసేసి నడిపాను. 40 టెస్టుల్లో రెండు ఫెయిల్. టైమౌట్ కాదు, 409 వస్తోంది. ఒకే స్లాట్‌కి రెండు బుకింగ్‌లు అంటోంది, నేను పంపింది మాత్రం ఒక్కటే. బాడీ కాపీ చేసి కొత్త థ్రెడ్ తెరుస్తున్నాను, బాబాయ్ అక్కడికి రావాలి.